ఇత్తడి సంచి, నల్లని బిద్రీ

కొత్త హ్యాండ్‌బ్యాగు డిజైన్ కోసం ఫ్యాషన్ పత్రికలు తిరగేసేవాళ్లను చూస్తే, ముందు మ్యూజియానికి వెళ్లండమ్మా అనాలనిపిస్తుంది. లండన్ కోర్టాల్డ్ గ్యాలరీలో ఒక ఇత్తడి సంచి ఉంది. 14వ శతాబ్దం మొదట్లో మోసుల్‌లో చేసిందంటారు. ఒళ్లంతా వెండి, బంగారం పొదిగారు. ఒకప్పుడు దాన్ని గుర్రపు జీనుకు తగిలించేదని కూడా అనుకున్నారట. మూత మీదే జవాబుంది: కొలువుతీరిన దొరసాని పక్కన పరిచారకుడి భుజానికి అలాంటి సంచే వేలాడుతోంది!

అంత దూరం ఎందుకు, బీదరు బిద్రీ పని ఉందిగా. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోట మట్టీ నవాసాగరమూ కలిపిన నీళ్లు పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. ఆ పొందిక నల్లతోలు మీద వెండి జరీకి ఎంత నప్పుతుందో! అలాగని బిద్రీ మీది పూలతీగను ఉన్నదున్నట్టు దించేస్తే అది ఉత్త నకలు. పనివాడు నలుపును ఎక్కడ ఖాళీగా వదిలాడో చూడాలి. నాకైతే అసలు పాఠం అక్కడే కనిపిస్తుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ వస్తువులు బోలెడు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.