సూర్యుడి గుర్తు

మొత్తానికి హైదరాబాద్ కామిక్ కాన్‌కి వెళ్లొచ్చాను. రాజమండ్రిలో గౌతమి ఎక్కి, లింగంపల్లిలో దిగి, హైటెక్స్‌కి ఆటో. సంచిలో అమ్మ కట్టిన పులిహోర, దారిలో చదవడానికి దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ బొమ్మలేసిన 'భీమాయన', ఓ ఎర్రరంగు డబ్బా.

రంగెందుకంటే, నా వేషం ఫిషర్ టైగర్. 'వన్ పీస్' చూడని తమ్ముళ్లకి చెప్తాను. అందులో పైవాళ్లు మామూలు జనం పీల్చే గాలి తగలకూడదని తలకి బుడగ తొడుక్కుని తిరుగుతారు. (మన ఊళ్లో బుడగ అక్కర్లేదు, వేరే గ్లాసు చాలు.) వాళ్ల దగ్గర బానిసగా ఉండి తప్పించుకున్న చేపమనిషి టైగర్. తిరిగెళ్లి మిగతావాళ్లనీ విడిపించాడు. ఒంటిమీద కాల్చిన బానిస ముద్రని సూర్యుడి గుర్తుతో కప్పేశారు. బానిసలు కాని తోటివాళ్లూ అదే గుర్తు వేయించుకున్నారు, ఎవరు బానిసో పోల్చుకోకుండా. ఒడా అనే ఆ జపాను ఆయనకి మన సంగతి ఎవరు చెప్పారో!

గుండెల మీద ఎర్రసూర్యుడితో నిలబడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు భుజాన చెయ్యేసి ఫోటోలు దిగారు.

మధ్యాహ్నం లూఫీ గడ్డిటోపీతో ఓ కుర్రాడు కలిశాడు. అమలాపురమంట. మన యాస వినగానే ప్రాణం లేచొచ్చింది. గంటసేపు టైగర్ చావు గురించే మాట్లాడుకున్నాం. మనిషి రక్తం ఎక్కించుకోనని చచ్చిపోతాడే, అక్కడ వాడి కళ్లలో నీళ్లు.

వెళ్తూ అడిగాడు: "ఇంతకీ మీ ఇంటిపేరేంటి బ్రో?"

2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు కదా. మా వైపు ఇది ఉట్టి ప్రశ్న కాదు.

చెప్పాను.

టోపీ సర్దుకుని "ఓ... అలాగా అండి" అన్నాడు. గంట నుంచీ బ్రో అన్నవాడు.

ఇన్‌స్టా ఐడీ మాత్రం రాసుకున్నాడు. రిక్వెస్ట్ ఇంకా రాలేదు. చూస్తున్నాను.