తల్లి విసరిన బంతి

గృహిణి దినచర్యను వర్ణించువారు వంటయు, వడ్డనయు, పిల్లల చదువును, పెద్దల సేవయు లెక్కించి యంతటితో నాపుదురు. ఆ పట్టికలో నిటీవల మఱియొక పని చేరినది. దాని నెవ్వరును వ్రాసికొనలేదు. ఉప్పలు, నాచారము ప్రాంతముల డాబాలవైపు ప్రొద్దు వ్రాలు వేళ కన్నెత్తి చూచినవారికి ఆ పని యేదో తెలియును. తల్లి కొంగో చున్నీయో నడుమున బిగించి బంతి విసరుచుండును. కుమారుడు నీళ్ల ట్యాంకును వికెట్టుగా జేసికొని బ్యాటుతో దాని నెదుర్కొనుచుండును. అమెరికా దేశమున బేస్‌బాలు నేర్చు బాలునికి పెరటిలో తల్లి యే సాయము చేయునో, మన వీధులలో క్రికెట్టు నేర్చు బాలునికి తల్లి యా సాయమే చేయుచున్నది. ఇది చూచి నవ్వి పోవలసిన విషయము గాదని నా యభిప్రాయము.

ముందుగా స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. మన నగరమున మొదటి టెస్టు పందెము 1955వ సంవత్సరము నవంబరులో, న్యూజీలాండు జట్టుతో, ఫతే మైదానమున జరిగినది. ఇప్పుడు దానిని లాల్ బహదూర్ స్టేడియ మందురు. అర్ధశతాబ్దమునకు బిదప ఆ గౌరవము తూర్పునకు దరలి ఉప్పలునకు వచ్చినది. 2005 నవంబరు 16వ తేదీని దక్షిణాఫ్రికాతో ఒకదినపు పందెమును, 2010 నవంబరులో మరల న్యూజీలాండుతోనే టెస్టు పందెమును ఉప్పలు స్టేడియమున జరిగినవి. నాటినుండి ఈ ప్రాంతపు బాలురకు క్రికెట్టు దూరదేశపు వార్త గాదు. పందెము జరుగు రాత్రి దీపస్తంభముల వెలుగు మా డాబాలకు గనబడును.

అయితే వెలుగు కనబడినంత మాత్రమున నేల దొరకదు గదా! మా వీధి పిల్ల లాడుకొనిన ఖాళీ స్థలములు ఒక్కొక్కటిగా అయిదంతస్తుల మేడలైనవి. గల్లీలో ఆడబోయిన మోటారు బండ్లు. బంతి కారు అద్దమునకు దగిలిన తగవులు. తండ్రులలో ననేకులు నాచారపు కర్మాగారములలో షిఫ్టుల మీద పనిచేయువారు. తక్కినవారు నగరపు పడమటి కొసకు బోయి రాత్రికి గాని యిల్లు చేరనివారు. కావున ఆటస్థలము డాబాయైనది, తోడియాటగాడు తల్లియైనది. ఆదర్శము వలన గాక అవసరము వలన బుట్టిన యాచారమిది. అయినను అవసరము వలన బుట్టిన మంచిని మనము త్రోసివేయ నక్కఱలేదు.

మా వీధిలో నొక యిల్లాలిని నేను రెండేండ్లుగా గమనించుచున్నాను. ఆమె చదివిన పల్లెటూరి బడిలో ఆటల గంట మ్రోగినప్పుడు మగపిల్లలు మైదానమునకును, ఆడపిల్లలు చెట్టునీడకును బోవుట వాడుకయట. ముప్పదినాలుగవ యేట, కుమారుని కొఱకు, ఆమె మొదటిసారి బంతి చేత బట్టినది. తొలి నెలలో అది పిట్టగోడ దాటి వీధిలో బడుచుండెడిది. పిదప నామె యొక యుపాయము గనుగొన్నది. బంతి యెచ్చట బడవలెనో కుమారునిచే చూపించుకొని, ఆ చోట ముగ్గుపిండితో జేనెడు చదరము గీసి, దానినే గుఱిగా బెట్టుకొన్నది. చుక్కకు చుక్క సమదూరమున బెట్టుటకు ఇరువది యేండ్లు సాధకము చేసిన చేయి అది. మూడు నెలలలో టెన్నిసు బంతి నూటికి ఎనుబదిసార్లు ఆ చదరములోనే పడసాగినది. ఆమెకు దీరిక లేని దినములలో పాత మేజోడులో బంతి నుంచి దూలమునకు త్రాటితో వ్రేలాడగట్టును. బాలుడు దానిని తిన్నని బ్యాటుతో కొట్టుకొనును. నేను మెచ్చుకొనగా ఆమె యిట్లనినది: “నాకు ఆట రాదు పిన్నిగారూ. బంతి ఎక్కడ పడాలో అక్కడ వేయడం వచ్చింది. వాడికి కావలసింది అంతే గదా!”

ఈ మాటలో సాధకమునకు సంబంధించిన సారమంతయు నున్నది. ఒకే చోటికి, ఒకే వేగముతో, విసుగులేక నూరుసార్లు బంతి నందిచ్చువారు దొరికిన గాని చేతికి అలవాటు కుదురదు. అట్టి యోర్పు జీతమిచ్చిన దొరకుట యరుదు.

ఇది మన వీధి వింతయు గాదు. ఆస్ట్రేలియాలో బౌరల్ అను చిన్న యూర డాన్ బ్రాడ్‌మన్ అను బాలుడు బడి విడిచి వచ్చిన పిదప పెరటిలో అతని తల్లి ఎడమచేతితో బంతులు విసరెడిది. ఆ బాలుడే పెరిగి 52 టెస్టులలో 99.94 పరుగుల సగటును నిలిపినాడు. నేటికిని దానిని సమీపించినవాడు లేడు. బొంబాయిలో సునీల్ గవాస్కరు చిన్నతనమున నింటిలో నాడుకొనుచుండగా తల్లి మీనల్ గారే బంతి విసరువారు. ఒకనా డతడు కొట్టిన బంతి తిరిగివచ్చి ఆమె ముక్కునకు దగిలి నెత్తురు కాఱినది. బాలుడు భయపడెను, ఆమె ముఖము కడిగికొని వచ్చి మరల బంతి విసరినది. టెస్టు పందెములలో పదివేల పరుగులు మొట్టమొదట, 1987లో, పూర్తిచేసినవాడు ఆ బాలుడే. పరుగుల పుస్తకమున కొట్టినవాని పేరును, విసరినవాని పేరును, పట్టినవాని పేరును గలవు. ఇంటిలో మొదట విసరిన తల్లికి అందు గడి లేదు.

ఇక ఆక్షేపణలు. ఆటవలన చదువు చెడునని కొంద ఱందురు. దినమున కఱగంట యాట చదువును జెఱపదు. ఆ యఱగంట తల్లి యెదుట గడచునది గావున మఱింత మేలు. ఇల్లాలు డాబా మీద గంతులు వేయుట మర్యాద గాదని మఱికొంద ఱందురు. అదే డాబా మీద ఆమె బియ్యపు మూట మోసినను, నీళ్ల బిందెలు మోసినను మర్యాదకు భంగము రాలేదు గదా! బరువునకు లేని దోషము బంతికెట్లు వచ్చినది?

మూడవ యాక్షేపణ మాత్రము బరువైనది. తల్లుల శ్రమ వెనుక దురాశ దాగియుండవచ్చును. ఆటో నడుపువాని కుమారుడైన మహమ్మదు సిరాజును, ఎలక్ట్రీషియను కుమారుడైన తిలక్ వర్మయు మన నగరము నుండియే భారతజట్టులో జేరిరి. కావున మా వాడును జేరునని ప్రతి యింటను ఆశ. గాజు లమ్మి బ్యాట్లు కొనినవారిని, అప్పుచేసి శిక్షణ రుసుములు గట్టినవారిని నే నెఱుగుదును. జట్టునకు పదునొకండుగురే గదా! తక్కిన వేలమంది బాలు రేమగుదురు? స్టేడియములోనికి బోవుటయే ఫలమని యెంచినచో ఇంచుమించు ప్రతి తల్లియు నోడినదే. ఫలము వేఱొకటి కలదు. వడ్డించుటకు మాత్రమే తల్లి యని యెంచు బాలుడు, తన యెదుట చెమటలు గ్రక్కుచు నేర్చుకొనుచున్న తల్లిని జూచును. ఆమె తప్పు విసరినప్పుడు ఓర్చుకొనును. మంచి బంతికి తా నౌటైనప్పుడు నవ్వుటయు నేర్చుకొనును. అట్టి బాలుడు రేపు భార్యను జూచు చూపు వేఱుగా నుండునని నా నమ్మకము.

దురాశ దేహమునకును హాని చేయును. ఎదుగు వయసున ఎముకల కొసలు లేతగా నుండును. మితిమీఱి విసరించినచో భుజమును మోచేయియు చెడును. అమెరికాలో లిటిల్ లీగు వారు బేస్‌బాలు ఆడు 11, 12 ఏండ్ల పిల్లలు దినమునకు 85 బంతులకు మించి విసరరాదని నియమము పెట్టిరి. మన తల్లులును లెక్క పెట్టవలెను. శిరస్త్రాణము లేక తోలుబంతి నాడనీయరాదు. ఇంటికి టెన్నిసు బంతియే చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట నిక జెప్పెదను. నేను చెప్పిన యింటిలో తొమ్మిదేండ్ల కూతురు గలదు. అన్న బ్యాటు పట్టును, తల్లి విసరును, ఆ పిల్ల మెట్లు దిగి బంతి తెచ్చి యిచ్చును. రెండేండ్లలో ఆమె యెన్నివేల మెట్లు దిగినదో! ఒకనాడు నేను, “దీని కెప్పుడు బ్యాటిస్తావమ్మా?” అని యడిగితిని. తల్లి మాటాడలేదు. వారము గడచిన పిమ్మట ఆ పిల్ల చేత బ్యాటు గనబడినది. నాయనమ్మ, “ఆడపిల్ల ఎండలో నల్లబడిపోతే రేపు ఎవరు చేసుకుంటారు?” అని కసరినది. కోడలు మెల్లగా, “నా చేతికి ముప్పై నాలుగేళ్లకు బంతి వచ్చింది అత్తయ్యా. దీనికి తొమ్మిదేళ్లకే రానివ్వండి” అనినది. ముసలామె సమాధానపడలేదు, నేటికిని సణుగుచునే యున్నది. ఆ పిల్ల మాత్రము ఆదివారములందు ఆడుచున్నది. వారమునకు ఒక్క దినము, అన్నకు ఆఱు. న్యాయ మింకను చాలదూరమున నున్నది.

చదువరులారా! ఆడపిల్ల కీ యాట యేల యందురా? సికింద్రాబాదున బెరిగిన మిథాలీ రాజు 1999లో ఆడిన మొదటి యొకదినపు పందెముననే 114 పరుగులు చేసి అజేయురాలై నిలిచినది. కూతు రలసి యింటికి వచ్చు వేళకు తోడుండుటకై ఆమె తల్లి తన యుద్యోగమును వదలుకొన్నది. 2025 నవంబరు 2వ తేదీని మన స్త్రీలు దక్షిణాఫ్రికా నోడించి ప్రపంచ కప్పు గెలిచిరి. ఆ జట్టులో కడప సీమ శ్రీచరణియు, హైదరాబాదు అరుంధతీ రెడ్డియు నుండిరి. మెట్ల మీద బంతులేరుటతోనే బాల్యము గడచిన పిల్లలలో ఇట్టివారెందరు మఱుగున బడిరో చెప్పగలవా రెవరు?

కావున నా ప్రార్థన లివి. సెలవునాడైనను తండ్రి యొక గంట వంటయిల్లు చూచుకొని తల్లిని డాబా మీదికి బంపవలెను. సర్కారు బడుల యావరణములు సాయంకాలము వీధి పిల్లలకు, బాలబాలిక లిరువురకును, తెఱువబడవలెను. ఇంటిలో బ్యాటొక్కటియే యున్నచో వంతులు సమముగా నుండవలెను. బంతి తెచ్చుటయు వంతులలో జేరవలెను. తల్లి విసరిన బంతికి మగపిల్ల యని, ఆడపిల్ల యని తెలియదు. ఆ భేదమును నేర్పినది మనమే, మఱపింపవలసినదియు మనమే.