చక్కెర ఊళ్లో పొడపత్రి

నిజామాబాదు నుంచి బోధను వెళ్లే దారిలో పొలాలు చూస్తే, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగరం ఎంత పని చేసిందో ఒకరు చెప్పనక్కర లేదు. ఆ నీటితో చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1937లో బోధను పక్కన చక్కెర మిల్లు వెలసింది. మిల్లు చుట్టూ లేచిన పేటకు పేరే శక్కర్‌నగర్! ఒకప్పుడు ఆసియాలోని పెద్ద మిల్లుల్లో ఒకటైన ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. నేను వెళ్లిననాడు ఆ చుట్టుపక్కల సందడంతా ఒక టీకొట్టు దగ్గరే వున్నది.

అక్కడ బెంచీ మీద ఒక పెద్దాయన పరిచయమైనాడు. మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. మధుమేహమట. చక్కెర చేసిన చేతికి చక్కెర జబ్బు! తనే నవ్వుతూ ఆ మాట అని, సంచిలోంచి నాలుగు ఆకులు తీసి నన్ను నమలమన్నాడు. ఒకటే చేదు. తరవాత చిటికెడు చక్కెర నోట్లో వేసుకోమన్నాడు. ఇసుక నమిలినట్టే వున్నది గాని, తీపి సున్న!

"జూసిన్రా సారూ? పొడపత్రి. నోట్ల సక్కెర సచ్చింది. నెత్తుర్ల గూడ గిట్లనే సస్తది. నెల దినాలాయె, గోలీలు బందుబెట్టిన" అన్నాడు. కాలి వేలికి గుడ్డ కట్టు వున్నది. పుండు మానటం లేదట.

నోట్లో తీపి చావటం వేరు, రక్తంలో చక్కెర తగ్గటం వేరు. పొడపత్రిలోని పదార్థాలు నాలుక తీపిని పసిగట్టకుండా కాసేపు అడ్డుపడతాయి. రక్తం సంగతి నాలుక చెప్పలేదు. అది తేల్చటానికే ప్రయోగశాలల్లో ఎలుకలు వున్నవి.

అలొక్సాన్ అనే రసాయనం క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతుందని 1943లో గ్లాస్గో శాస్త్రజ్ఞులు కుందేళ్లలో కనుగొన్నారు. అలాగే ఎలుకలకూ మధుమేహం తెప్పించి, జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు ఆకురసం, ఒక జట్టుకు తెలిసిన మందు, ఒక జట్టుకు వట్టి నీళ్లు. ఆ వట్టి నీళ్ల జట్టే లేకపోతే, చక్కెర తగ్గినది ఆకు వల్లనో, దానంతటదో చెప్పలేము. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారు ఎర్రచందనం బెరడును పరీక్షించి, మధుమేహపు ఎలుకల్లో చక్కెర తగ్గిందని 2001లో ప్రకటించారు.

అయితే ఎలుకలో గెలిచిన మందు మనిషిలో గెలవాలని లేదు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, మరేదైనా చేటు వున్నదా అనేవి మనుషుల్లో మళ్లీ చూడాలి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు, ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు పది రోజులపాటు భోజనంలో రోజుకు 100 గ్రాముల నూనె తీసిన మెంతిపిండి పెట్టి చూశారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గిందని 1990లో ప్రకటించారు. తగ్గింది గాని, పూర్తిగా పోలేదు సుమా!

అలాగని ఆకుల్ని తోసిపుచ్చనూ లేము. ఇవాళ లక్షలాదిమంది మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర వెనుక ఐరోపాలోని ఒక మొక్క కథ వున్నది. ఆ మొక్క సారం విషం. దాని పోలికలో తయారుచేసిన మందును రోగుల్లో పరీక్షించి, 1957లో పారిస్ వైద్యుడు ఝాన్ స్టెర్న్ ఫలితాలు ప్రకటించాడు.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఎల్కకైతే కొలిచి పోస్తరు. నేను పిడికెడు నమిల్తి" అన్నాడు.

"డాక్టరు చెప్పందే గోలీలు మానకండి పెద్దయ్యా. ఆకు సంగతి కూడా ఆయనకు చెప్పండి. రెండూ కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. ముందు ఆ కాలు చూపించండి" అన్నాను.

"రేపు పోత" అన్నాడు.

"ఇవాళే" అన్నాను.

టీకొట్టు అబ్బాయి నిజామాబాదు బస్సుకు చెయ్యెత్తాడు. పెద్దాయన ఆకుల సంచీతో సహా సర్కారు దవాఖానకు బయలుదేరాడు.