తిండి సయించని కేన్సరు రోగికి చైనా కషాయం

కేన్సరు రోగి తినడం లేదని మీరు విసుక్కుంటున్నారా? నేనూ విసుక్కున్నవాణ్ణే. మా పెద్దన్నయ్యకి కడుపులో కేన్సరు వచ్చినప్పుడు, చదివిన వైద్యమంతా మరిచిపోయి, "నాలుగు ముద్దలు బలవంతానైనా మింగాలి అన్నయ్యా, నీకు పట్టుదల లేదు" అని కంచం ముందు కూర్చుని దెబ్బలాడేవాణ్ణి. పాపం, తిన్నది కక్కుకుని, "ఏం చెయ్యమంటావురా" అనేవాడు.

పస్తులున్నవాడికి అన్నం పెడితే తేరుకుంటాడు. కేన్సరులో చిక్కిపోవడం అలాంటిది కాదు. జబ్బు వల్ల రక్తంలో చేరే కొన్ని పదార్థాలు ఒకపక్క ఆకలిని చంపుతాయి, ఇంకోపక్క కండని కరిగిస్తాయి. అందుకే తిండి ఒక్కటీ పెంచితే పోయిన కండ పూర్తిగా తిరిగి రాదు. ఆరు నెలల్లో బరువు నూటికి 5 వంతులకు మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57 కిందికి దిగితే, డాక్టరుకి తప్పక చెప్పండి.

ఆ రోజుల్లోనే సింగపూరులో ఉన్న మా మేనల్లుడు చైనా మూలికల పొట్లాలు పంపాడు. వాటిని నేను కొట్టిపారెయ్యలేదు. చైనా వైద్యులు ఈ నీరసానికి మూలం ప్లీహం, జీర్ణాశయం బలహీనపడటమే అంటారు. వాళ్ళ ప్లీహం మనవాళ్ళు చెప్పే జఠరాగ్నికి దగ్గర. 13వ శతాబ్దంలో లీ దోంగ్‌యువాన్ అనే వైద్యుడు దీనిమీద పెద్ద గ్రంథమే రాశాడు. జిన్‌సెంగ్ వేరు, అతిమధురం, అల్లం, నారింజ జాతి పండు తొక్క, రేగుపండు వగైరా 8 దినుసులతో కాచే కషాయం ఒకటుంది. జపానులో దాన్ని రిక్కున్‌షితో అంటారు, డాక్టర్లే రాసిస్తారు. కడుపులో పుట్టే ఆకలి హార్మోను గ్రెలిన్‌ని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనిపెట్టారు. ఈ కషాయం దాన్ని పెంచుతుందని జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. కొందరు రోగులకి ఆకలి కాస్త పుట్టిందన్నారు. పోయిన కండ తిరిగొస్తుందని మాత్రం రుజువు కాలేదు.

మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. అతిమధురం ఎక్కువైతే బి.పి. పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో, సన్నబడే మందులో ఒక చైనా మూలికకి బదులు మరొకటి కలిసి, ఎందరో ఆడవాళ్ళ మూత్రపిండాలు చెడిపోయాయి.

పొట్లాలు కేన్సరు డాక్టరుకి చూపించాను. లోపల ఏముందో తెలియని మందు కీమోథెరపీతో కలిపి వద్దన్నారు. ఆయన వాంతులకి మాత్రలు మార్చారు. మా వదిన గంట గంటకీ రెండు చెంచాల పెరుగన్నం, ఓసారి గుడ్డు, ఓసారి అన్నయ్యకిష్టమైన నిమ్మకాయ పచ్చడి నాలిక్కి రాసి పెట్టేది. నేను మజ్జిగ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. ఎంత తాగావని అడగడం మానేశాను.