ముందు టైర్లు, తర్వాతే రీమ్యాప్

సిద్దిపేటలో డ్రాగ్ రేసు కోసం స్విఫ్ట్‌కో పోలోకో రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించాలనుకునే తమ్ముళ్లు ముందు టైర్లు చూసుకోవాలి. డ్రాగ్ రేసు 402 మీటర్లే. అందుకే క్లచ్ వదిలే ఆ క్షణం అంత విలువైనది. ఈ కార్లను లాగేవి ముందు చక్రాలు. బండి ఉరకగానే బరువు వెనక్కి పోతుంది, ముందు టైర్లు పట్టుతప్పి గిర్రున తిరుగుతాయి, రబ్బరు కాలిన వాసన వస్తుంది. ఫస్ట్ గేర్‌లో ఉన్న బలాన్నే తట్టుకోలేని టైరుకు ఇంకా బలమెందుకు? మెత్తటి రబ్బరు టైర్లు, గట్టి ఇంజన్ మౌంట్లు, క్లచ్ అందుకునే చోటు తెలిసిన ఎడమకాలు కావాలి.

పవర్ పెరిగితే టైమ్ తగ్గదా అంటారు. తగ్గుతుంది, కానీ టైరు పట్టు దొరికాక, పై గేర్లలో. ఇదంతా ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ లాంటి మూసిన దారి మాట. రాజీవ్ రహదారి మీద వద్దు, దయచేసి.