అద్దాల ఇల్లా, ప్లాస్టిక్ పందిరా?

వేసవి సెలవుల్లో బెజవాడ ఎండకు తాళలేనివాళ్ళు ఊటీకో కొడైకెనాలుకో పోతారు. 2023 వేసవిలో నేను లెస్టర్ పోయాను. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న ఆ ఊళ్ళో మా చెల్లెలు పన్నెండేళ్ళుగా కాపురం ఉంటోంది.

బయలుదేరిననాడు ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటింది. గొడుగు లేనిదే గుమ్మం దాటే పని లేదు. అక్కడ దిగిన మర్నాడు పొద్దున్నే మా చెల్లెలు నాకు తన స్వెటరు తొడిగి, పైన కోటు వేసి, "పద అక్కయ్యా, పొలం చూపిస్తాను" అంది. నాకు ఆశ్చర్యం వేసింది. సీమకు వెళ్ళినవాళ్ళు చూడవలసినవి ఎన్ని లేవు! ఆ లెస్టర్‌లోనే 2012లో కార్లు నిలిపే స్థలం ఒకటి తవ్వితే మూడో రిచర్డు రాజుగారి అస్థికలు బయటపడ్డాయి. 2015లో వాటిని ఊళ్ళోని కెథెడ్రల్‌లో ఘనంగా మళ్ళీ సమాధి చేశారు. అవన్నీ ఉండగా పొలమేమిటి?

తీరా విచారిస్తే, నేను విమానం దిగే నాటికే ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య తగవు నడుస్తోంది. తీర్పరిని నేనట. తీర్పు చెప్పాలంటే ముందు స్థలం చూడాలి గదా! నడిచాను.

ఊరి చివర ఒక ఇనుప గేటు, దానికో తాళం. లోపల అడుగు పెడితే మా అమ్మమ్మ కుట్టిన బొంత పరిచినట్టు నేలంతా మళ్ళు మళ్ళుగా ఉంది. ఒకదాంట్లో ఉల్లి, ఒకదాంట్లో బంగాళాదుంప, ఒకదాంట్లో ఉత్త గడ్డి. మడికొక చెక్క గుడిసె. వీటిని అలాట్‌మెంట్లంటారు. పెరడు లేనివాళ్ళూ, ఉన్నా చాలనివాళ్ళూ కూరగాయలు పండించుకోవడానికి స్థానిక సంస్థలు కౌలుకిచ్చే మళ్ళివి. ఊళ్ళోవాళ్ళు కావాలంటే ఇలాంటి స్థలం చూపించే పూచీ ఆ సంస్థలదేనని 1908 నాటి చట్టం చెబుతోంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓడల మీద తిండి రావడం కష్టమైనప్పుడు "గెలుపు కోసం తవ్వండి" అని అక్కడి ప్రభుత్వం ఊరూరా చాటింది. పార్కులు సైతం కూరమళ్ళయ్యాయి.

కొలత మాత్రం ఇప్పటికీ పాతకాలపు రాడ్లలోనే చెబుతారు. నిండు మడి అంటే పది రాడ్లు. మన లెక్కన మూడు వందల గజాలు. బెజవాడలో మూడు వందల గజాలంటే మేడ కట్టి రెండు వాటాలు అద్దెకిస్తారు. అక్కడ బీట్‌రూటు వేస్తారు!

మా చెల్లెలిది సగం మడి, నూట యాభై గజాలు. పేరు రాయించుకుని నాలుగేళ్ళు కాచుకుంటే దక్కింది. మొదటి ఏడు మెంతికూర, తోటకూర బాగానే వచ్చాయట. రెండో ఏడు ధైర్యం చేసి గోంగూర, పచ్చిమిరప, బీర పెట్టింది. మే నెల సగం గడిచాక ఒక రాత్రి మంచు పేరుకుంది. తెల్లవారేసరికి నారంతా ఉడకబెట్టిన ఆకులా నల్లబడింది. మళ్ళీ పెట్టినవి సెప్టెంబరు దాకా బెత్తెడు ఎత్తు దాటలేదు.

"కొనుక్కుంటే పోలేదుటే?" అన్నాను.

"అన్నీ దొరుకుతాయి అక్కయ్యా, అదొక్కటీ తప్ప" అంది. నిజమే. 1972లో ఉగాండా వెళ్ళగొట్టిన మనవాళ్ళు ఎందరో ఈ ఊరు చేరారు. బెల్‌గ్రేవ్ రోడ్డు పొడుగునా గుజరాతీల కొట్లే. కాకరకాయ, బెండకాయ కుప్పలు పోసి ఉంటాయి. గోంగూర మాత్రం దొరికిననాడే దొరికినట్టు.

మన వైపు ఆకుతోటలు చూసినవాళ్ళకు తెలుసు. తమలపాకు తీగకు ఎండ తగలకుండా అవిసె చెట్ల నీడ పెంచుతాం. మన పందిళ్ళన్నీ ఎండను ఆపడానికే. అక్కడి పందిళ్ళు ఎండను పట్టి ఉంచడానికి. బెజవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే లెస్టర్ 52.6 మీద ఉంది. జూన్‌లో పగలు దాదాపు 17 గంటలు, డిసెంబరులో 8 గంటలు కూడా ఉండదు. అంచేత వేసవిలో వెలుతురుకు కొదవ లేదు. వేడికే కరువు. దాన్ని పట్టి ఉంచే పందిరి ఏది వెయ్యాలన్నదే ఆ ఇంటి తగవు.

మా చెల్లెలికి గ్రీన్‌హౌస్ కావాలి. అల్యూమినియం చట్రానికి గాజు పలకలు బిగించిన బుల్లి అద్దాల ఇల్లు. మా మరిదికి పాలీటన్నెల్ కావాలి. జింకు పూత పూసిన ఇనుప కమానుల మీద పాలిథీన్ షీటు కప్పిన సొరంగం లాంటి పందిరి. ఆయన ఇంజనీరు. భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి నాకు లెక్క చెప్పాడు.

"చూడండి వదినగారూ, ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గాజు ఇల్లు. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు టన్నెల్. ఖరీదు ఇంచుమించు ఒకటే. అది అయిదు గజాలు, ఇది ఇరవై రెండు గజాలు!"

"గాజు రాత్రిపూట వేడిని నిలుపుతుంది. మీ ప్లాస్టిక్ వదిలేస్తుంది" అంది మా చెల్లెలు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నేల నుంచి రాత్రి వెలువడే వేడి కిరణాలను గాజు ఆపినట్టు పాలిథీన్ ఆపలేదు. కాని పగటి వేడికి అసలు కారణం అది కాదు. 1909లో ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు, ఒకదానికి ఆ కిరణాలను ఆపని రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ ఇంచుమించు ఒకే తీరుగా కాగాయి. లోపల కాగిన గాలి బయటికి పోకుండా ఉండటమే ముఖ్యమని తేలింది. ఆ పని గాజూ చేస్తుంది, ప్లాస్టిక్కూ చేస్తుంది.

ఆ శనివారం మా చెల్లెలు తన పక్షం సాక్ష్యం చూపించడానికన్నట్టు మమ్మల్ని లండన్ తీసుకుపోయింది. రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. క్యూ తోటలో పామ్ హౌస్ అనే పెద్ద అద్దాల ఇల్లుంది. 1844 నుంచి 1848 వరకు కట్టారు. ఇనుప కమ్ముల మీద వంపు తిరిగిన గాజు. లోపలికి వెళ్ళగానే నా కళ్ళజోడు ఆవిరి పట్టింది. తుడుచుకుని చూస్తే అరటి చెట్లు! తడి మట్టి వాసన, ముఖాన వెచ్చని ఉక్క. ఒక్క క్షణం కోనసీమలో బస్సు దిగినట్టనిపించింది. పక్కన మా చెల్లెలు మాట్లాడకుండా నిలబడింది.

ఒకప్పుడు గాజు ధనికుల సొత్తు. దాని మీద బరువును బట్టి వేసే పన్ను 1845లో ఎత్తేశారు. 1851లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటల పెద్ద లండన్‌లో ప్రదర్శన కోసం గాజుతో స్ఫటిక సౌధమే లేపాడు. 1936లో అది అగ్నికి ఆహుతైంది. ప్లాస్టిక్ కథ చాలా చిన్నది. పాలిథీన్ 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్‌లో, వేరే ప్రయోగం చేస్తూండగా అనుకోకుండా పుట్టింది. 1948లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమ్మర్ట్ అనే ఆచార్యుడు గాజు కొనే స్తోమతు లేక పలుచని ప్లాస్టిక్ పొరతో మొక్కల ఇల్లు కట్టి చూశాడు. ఈ పందిళ్ళన్నిటికీ మూలపురుషుడు ఆయనే.

తిరుగు రైల్లో మా మరిది అసలు మాట అన్నాడు. "షీటు అయిదేళ్ళు ఆగుతుంది వదినగారూ. మనకదే చాలు. ఆ తరువాత ఎలాగూ ఇంటికి వెళ్ళిపోతాం."

మా చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పదేళ్ళ దాని కూతురు నా చెయ్యి లాగి మెల్లిగా అడిగింది: "పెద్దమ్మా, నాన్న ఇల్లంటే ఏ ఇల్లు? ఇప్పుడు మనం ఇంటికే వెళ్తున్నాం గదా?"

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ మా చెల్లెలు చెప్పుకొచ్చింది. "వచ్చిననాడూ అయిదేళ్ళే అన్నారు అక్కయ్యా. పన్నెండేళ్ళయింది. ఎలాగూ వెళ్ళిపోతామని గోడకు మేకు కొట్టలేదు, పెరట్లో చెట్టు పెట్టలేదు. నాకు ఇరవై ఏళ్ళుండే వస్తువు ఒక్కటి కావాలి."

నాకు నోట మాట రాలేదు. తెనాలిలో మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. "అది ఎప్పుడొస్తుందే?" అని అడిగినప్పుడల్లా "అయిదేళ్ళలో" అని చెప్పేది నేనే. గాజు ఇల్లని తీర్పు చెబితే ఆ మాట అమ్మతో చెప్పవలసిందీ నేనే. పేరుకు తీర్పరిని గాని, నేనూ కక్షిదారునేనని అప్పుడు తెలిసింది.

ఆదివారం మళ్ళీ మడి దగ్గరికి వెళ్ళాం. పక్క మడి తాతగారికి రెండు పందిళ్ళూ ఉన్నాయి. ముందు గాజు ఇల్లు చూపించాడు. కప్పులో చిన్న కిటికీ. దానికో గొట్టం, గొట్టంలో మైనం. ఎండ కాస్తే మైనం ఉబ్బి కిటికీ దానంతటదే తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. మనిషి దగ్గరుండక్కర్లేదు.

"నారు పోసుకోవడానికీ, కుండీలకూ ఇది మేలు. పలక పగిలితే ఆ ఒక్క పలకే మార్చుకుంటాను. నేలలో పాతి, ఇంటిల్లిపాదీ తినేటంత పండించాలంటే మాత్రం దానిలోకి రండి" అని టన్నెల్ తలుపు తీశాడు. దాని లోపాలూ దాచలేదు. గాలి రెండు చివరల తలుపుల్లోంచే ఆడాలి. తెరవడం మరిస్తే లోపల చెమ్మ పట్టి ఆకులకు బూజు వస్తుంది. మబ్బు లేని చలి రాత్రి లోపలా బయటా ఒకటే చలి. పెనుగాలి వస్తే గుండె గుప్పిట్లో పెట్టుకోవాలి.

"షీటు ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు మా మరిది.

"ఇది నాలుగోది" అన్నాడాయన. కమాను మీద చేత్తో తట్టి, "ఇవి మాత్రం ఇరవై రెండేళ్ళ క్రితం పాతినవే" అన్నాడు.

నిబంధనల కాగితం కూడా ఆయనే చదివి వినిపించాడు. ఏది కట్టినా ముందు అనుమతి తీసుకోవాలి. సిమెంటు పునాది వెయ్యరాదు. మడి వదిలిననాడు కట్టినదంతా విప్పి, నేలను నేలగా అప్పగించి వెళ్ళాలి. గాజయినా అంతే, ప్లాస్టిక్ అయినా అంతే.

మా చెల్లెలు చాలాసేపు ఆ కమానుల వంకే చూసింది. చివరికి నా తీర్పు అవసరమే లేకపోయింది. "టన్నెలే వేద్దామండీ. కాని రెండో షీటు డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి" అంది.

మా మరిది వెంటనే జవాబు చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, పెడదాం" అన్నాడు.

అనుమతి వచ్చాక, నా ప్రయాణానికి ముందు శనివారం, పందిరి లేపాం. గొట్టాలు నేలలోకి దిగగొట్టి వాటిలో కమానులు దించాం. చుట్టూ అడుగు లోతు కందకం తవ్వాం. ఎండకు కాగిన ఇనుము తగిలినచోట షీటు త్వరగా పాడవుతుందట. అంచేత కమానుల మీద టేపు అంటించాం. షీటు వేడిమీద సాగుతుంది, చల్లబడ్డాక బిగుస్తుంది. అందుకని మధ్యాహ్నం ఎండలో నలుగురం నాలుగు వైపులా పట్టి లాగి, అంచులు కందకంలో వేసి మట్టి కప్పాం. సాయంత్రానికి డోలు మీద చర్మంలా బిగిసింది. ఆ వేళే గోంగూర విత్తనం జల్లింది మా చెల్లెలు.

తెనాలి వెళ్ళి అమ్మతో ఉన్న సంగతి చెప్పాను. అయిదేళ్ళ మాట ఎత్తలేదు. అమ్మ విని ఊరుకుంది.

సెప్టెంబరులో ఫోనుకు ఫొటో వచ్చింది. గోంగూర మా మరిది భుజం దాకా పెరిగింది. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళు ఆ మొక్క పూత జోలికి పోదు, ఆకే వేస్తుంది. అదొక్కటి సీమలో కలిసొచ్చింది. మడి పక్కన, పిల్ల చేతిలో ఇంత కట్ట.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫొటో చాలాసేపు చూసింది. "పులుపెక్కిందేమో అడుగు" అంది. అని, కాసేపాగి, "వచ్చే వేసవికి నేనూ వెళ్ళి చూసివస్తానే. టిక్కెట్టెంతవుతుంది?" అంది.