నెహ్రూ ప్లేస్‌లో నిశ్శబ్దం దొరుకుతుందా?

మే నెల మధ్యాహ్నం. దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ ప్రాంగణంలో పరచిన రాళ్ళు కాలిపోతున్నాయి. చుట్టూ నిలిచిన బహుళ అంతస్తుల భవనాల నీడ ఎటు పడితే అటు ఒదిగి జనం నడుస్తున్నారు. మెట్రో స్టేషను వైపు నుంచి వచ్చే ప్రతి కొత్త ముఖాన్నీ దుకాణాల మనుషులు ముందే పసిగట్టి, "ల్యాప్‌టాపా? ప్రింటరా?" అని అడుగుతూ పది అడుగులు వెంట వస్తారు. గోడలకు వేలాడే ఎయిర్ కండిషనర్లు లోపలి చల్లదనానికి మూల్యంగా బయటి గాలిలోకి వేడిని కుమ్మరిస్తుంటాయి. ఇంత వేడి, ఇంత సందడి గల చోటికి కొందరు వచ్చేది మాత్రం చిత్రమైన వస్తువు కోసం. వారికి కావలసినది చల్లగా, చప్పుడు లేకుండా పనిచేసే ఇంటి కంప్యూటరు.

1962 నాటి ఢిల్లీ మాస్టర్ ప్లాన్, వ్యాపారమంతా పాత నగరంలోనే కిక్కిరిసిపోకుండా వివిధ ప్రాంతాలలో వాణిజ్య కేంద్రాలు నెలకొల్పాలని సూచించింది. ఆ ఆలోచనకు తొలి రూపాలలో ఒకటి తొలి ప్రధానమంత్రి పేరు పెట్టుకున్న ఈ సముదాయం. మధ్యలో పాదచారులకు విశాలమైన ప్రాంగణం, దాని చుట్టూ కార్యాలయాలు, కింది అంతస్తులలో దుకాణాలు. 1980లలో, 1990లలో దేశంలో కంప్యూటర్ల వాడకం పెరిగిన కొద్దీ ఈ దుకాణాలు వాటి విడిభాగాలతో నిండిపోయాయి. అనుమతి లేని సాఫ్ట్‌వేరు నకళ్ళ అమ్మకం వల్ల బజారు కొంత అపకీర్తిని కూడా మూటగట్టుకున్నది. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాత బజార్ల జాబితాలోకి సైతం ఒకప్పుడు ఎక్కింది. అయినా, కావలసిన భాగాలు ఏరుకొని, కళ్ళ ఎదుటే యంత్రాన్ని కూర్పించుకొని ఇంటికి తీసుకుపోయే సదుపాయం జనాన్ని ఇక్కడికి రప్పిస్తూనే ఉన్నది.

వేసవి సెలవులలో తరచు కనబడే దృశ్యం ఒకటి ఉన్నది. చేతిలో కాగితం మీద రాసుకున్న జాబితాతో ఒక తండ్రి, పక్కన కళాశాలలో చదివే కూతురు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. కంప్యూటరు బల్ల ఉన్న గదిలోనే నాయనమ్మ మంచం. పాత యంత్రం చేసే చప్పుడు పగటి సందడిలో ఎవరి చెవికీ ఆనదు. రాత్రి పదకొండు దాటాక ఆ సన్నని హోరు గదినంతా ఆక్రమిస్తుంది. యంత్రం నడిస్తే పెద్దావిడకు నిద్ర లేదు, ఆపితే అమ్మాయికి చదువు లేదు. వారు బజారుకు వచ్చినది పైకి కంప్యూటరు కోసమే. నిజానికి వెతుకుతున్నది ఆ గదిలో ఇద్దరూ సుఖంగా ఉండగల మార్గం.

ఇద్దరు అదనపు అతిథులు

కంప్యూటరు చప్పుడుకు మూలం వేడి. అది వాడుకునే విద్యుత్తు దాదాపు మొత్తం చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఊరక కూర్చున్న మనిషి దేహం వెలువరించే వేడి సుమారు 100 వాట్లు. 200 వాట్లు వాడుకునే కంప్యూటరు గదిలో ఉంటే ఇద్దరు అదనపు అతిథులు కూర్చున్నట్లే. రోజుకు ఎనిమిది గంటలు అలా నడిస్తే కరెంటు ఖర్చు 1.6 యూనిట్లు.

ఇక్కడ ఢిల్లీకి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఫ్యాను గాలి ఏ భాగాన్నీ గది ఉష్ణోగ్రత కంటె చల్లబరచలేదు. 22 డిగ్రీల గదిలో పరీక్షించినప్పుడు 65 డిగ్రీల దగ్గర నిలిచిన ప్రాసెసరు, అదే పనిని 42 డిగ్రీల గదిలో చేస్తే సుమారు 85కు చేరుతుంది. నూరు డిగ్రీల పరిసరాలకు చేరినప్పుడు చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆ స్థితి రాకూడదని ఫ్యాన్లు మరింత వేగంగా తిరుగుతాయి, హోరు పెరుగుతుంది. చల్లని దేశాల పరీక్షా ఫలితాలు చదివి సంబరపడినవారు ఢిల్లీ మే నెలలో మోసపోయేది ఇందుకే.

గాజు తలుపు, జల్లెడ తలుపు

దుకాణంలో మొదట కళ్ళను ఆకర్షించేవి క్యాబినెట్లు. ముందువైపు నల్లని గాజు పలక, లోపల రంగులు మార్చుకునే దీపాలు. "అంకుల్, ఇప్పుడు అందరూ ఇదే తీసుకుంటున్నారు" అంటాడు అమ్మే కుర్రవాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కాని గాలి రావలసిన చోట గాజు బిగించిన పెట్టె, కిటికీలు మూసిన వంటగది వంటిది. లోపలి ఫ్యాన్లు పక్క సందులలోంచి గాలి పీల్చుకోవడానికి అవస్థపడతాయి. పక్కనే దీపాలు లేని మరొక పెట్టె ఉంటుంది. ముందువైపు ఇనుప జల్లెడ, దాని వెనుక దుమ్మును ఆపే వల. నిశ్శబ్దం కోరేవారు ఎంచుకోవలసినది ఈ రెండవదానినే.

తరువాత ఫ్యాన్లు. 80 మిల్లీమీటర్ల ఫ్యాను కంటె 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం రెండింతలకు పైన. అందువల్ల అంతే గాలిని చాలా నిదానంగా తిరిగి పంపగలదు. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే అది పంపే గాలి కూడా సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్లు తోస్తుంది. ఒకే తీరు ఫ్యాన్లు రెండు కలిసి తిరిగితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. కనుక వేగంగా తిరిగే ఒక్క ఫ్యానుకు బదులు సగం వేగంతో తిరిగే రెండు పెట్టుకుంటే గాలి తగ్గదు, నిద్ర చెడదు.

ప్రాసెసరు మీద కూర్చునే హీట్ సింక్‌లోని రాగి గొట్టాలు చూడటానికి గట్టి కడ్డీలవలె ఉంటాయి. నిజానికి అవి బోలు గొట్టాలు. గాలి తీసివేసిన ఆ గొట్టాలలో సాధారణంగా కొద్దిపాటి నీరు ఉంటుంది. వేడి తగిలిన కొనలో నీరు ఆవిరై రెండవ కొనకు పోయి, అక్కడి రేకులకు వేడిని అప్పగించి, మళ్ళీ నీరై వెనుకకు చేరుతుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపొందించిన ఈ పద్ధతి ఉపగ్రహాలలోనూ ఉపయోగపడింది. చప్పుడు చేయని ఈ సేవకునికి జీతభత్యాలు లేవు.

మిగిలిన జాబితా చిన్నది. తిరిగే పళ్ళేల హార్డ్ డిస్కుకు బదులు కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. విద్యుత్తును తక్కువ వృథాతో అందించే మంచి ఎస్.ఎం.పి.ఎస్. అన్నింటికంటె ముఖ్యం, అవసరానికి మించని ప్రాసెసరు. చదువుకు, లెక్కలకు, చిత్రాల కూర్పుకు 65 వాట్ల తరగతి ప్రాసెసరు సాధారణంగా సరిపోతుంది. ఆటల కోసం తయారైన పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 300 వాట్లు దాటగలదు. అది లేకపోతే, అది పుట్టించే వేడిని బయటికి పంపే బాధ కూడా లేదు.

తామరపువ్వు చెప్పే పాఠం

యంత్రం కూర్చడానికి రెండు గంటలు పడుతుందని దుకాణదారు చెబితే, ఆ వ్యవధిలో చూసి రాదగిన చోటు ఒకటి దగ్గరలోనే ఉన్నది. అది నడిచి వెళ్ళగలిగినంత దూరంలోని లోటస్ టెంపుల్. ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పి ఫరీబోర్జ్ సాహ్బా రూపొందించిన ఈ బహాయీ ప్రార్థనా మందిరం 1986 డిసెంబరులో ప్రారంభమైంది. చలువరాతి తొడుగు గల 27 రేకులు, చుట్టూ తొమ్మిది కొలనులు. లోపల ఉపన్యాసాలు లేవు, వాద్యాలు లేవు. వచ్చినవారు మాటలు ఆపి కూర్చుంటారు.

ఆ మందిరానికీ ఒకనాడు ఇదే సమస్య ఎదురైంది. ఢిల్లీ ఎండలో అంత పెద్ద సభామందిరాన్ని ఎయిర్ కండిషనింగుతో చల్లబరచడం మిక్కిలి ఖరీదైన పని. అందుచేత కొలనుల మీదుగా వచ్చి చల్లబడిన గాలి నేలమాళిగ ద్వారాల గుండా లోపలికి ప్రవేశించి, మందిరంలో పైకి లేచి, గుమ్మటం కొన నుంచి వెలుపలికి పోయే ఏర్పాటు చేశారు. ఉక్కబోత రోజులలో సాయపడటానికి ఫ్యాన్లు కూడా ఉన్నాయి. కాని ప్రధానమైన పని గాలికి చూపిన దారిదే. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు ఎరిగినవారికి ఈ సూత్రం కొత్త కాదు. కింద చల్లగాలి రావాలి, పైన వేడిగాలి పోవాలి, మధ్యలో దానికి అడ్డు ఉండరాదు.

బల్ల కింది పెట్టెలో వేడిగాలి తనంత తాను పైకి లేచే బలం స్వల్పం. అక్కడ ఫ్యాన్లు తప్పవు. అయినా దారి చూపవలసిన అవసరం అంతే ఉన్నది. ముందునుంచి గాలి లోపలికి, వెనుకనుంచి, పైనుంచి బయటికి. తీగలు ఆ దారికి అడ్డం రాకుండా పక్కకు కట్టాలి.

గదిలో చేయవలసిన పని

తిరిగి వచ్చేసరికి కూర్పు చివరి దశలో ఉంటుంది. ప్రాసెసరు మీద బఠాణీ గింజంత థర్మల్ పేస్ట్ పెట్టి హీట్ సింక్ బిగిస్తారు. కంటికి నున్నగా కనబడే రెండు లోహాల మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి. పేస్ట్ ఆ ఖాళీలను నింపి వేడికి వంతెన వేస్తుంది. ఎక్కువ పూస్తే లాభం లేదు.

అసలైన పని ఇంటి దగ్గర మిగిలి ఉంటుంది. పెట్టెను గోడకు ఆనించక జానెడు ఎడం ఉంచాలి. బల్ల అరలో బంధించరాదు. నీటి కూలరు తేమగాలి నేరుగా తగిలే చోట పెట్టరాదు. ఢిల్లీ దుమ్ము నెల తిరగకుండానే వలను మూసివేస్తుంది గనుక దానిని తరచు దులపాలి. ఫ్యాన్లు ప్రతి చిన్న వేడికీ ఉలిక్కిపడి పరుగెత్తకుండా, నిదానంగా వేగం పెంచుకునేటట్లు మదర్‌బోర్డు అమరికలలో నిర్ణయించవచ్చు. ప్రాసెసరుకు అందే వోల్టేజిని, అది తట్టుకున్నంత మేరకు, నూటికి పది వంతులు తగ్గిస్తే అదే వేగంలో దాని పని వల్ల పుట్టే వేడి సుమారు 19 వంతులు తగ్గుతుంది. వీటిలో దేనికీ దుకాణంలో బిల్లు లేదు. నిశ్శబ్దంలో సగభాగం అమ్మకానికి దొరికేది కాదు.

సాయంకాలానికి నెహ్రూ ప్లేస్ రాళ్ళు చల్లబడతాయి. అట్టపెట్టెను చెరొక వైపు పట్టుకొని తండ్రీ కూతురూ మెట్రో మెట్లు ఎక్కుతారు. ఆ రాత్రి ఇంట్లో కంప్యూటరు చప్పుడు వినబడదు. కాని అప్పుడే విజయమని చెప్పలేము, ఎందుకంటే నడినెత్తిన సీలింగు ఫ్యాను గిరగిర తిరుగుతూ అన్నింటినీ కప్పివేస్తున్నది. అసలు పరీక్ష జనవరిలో వస్తుంది. ఫ్యాన్లూ కూలర్లూ ఆగిపోయి, పొగమంచు వీధిలోని శబ్దాలను సైతం దూరం చేసిన రాత్రి, అమ్మాయి చదువుకుంటూ ఉంటుంది. ఆ గదిలో అప్పుడు నిద్రపోతున్న నాయనమ్మ ఊపిరి మాత్రమే వినబడితే, ఆ మధ్యాహ్నం ఎండలో తిరిగిన శ్రమ ఫలించినట్లే.